వస్తువు తెలిస్తేనే బేరం

అమ్మలూ,

నీ ఉత్తరం అందింది. ఫిల్మ్ కెమెరాతో ఫోటోలు తీయడం నేర్చుకోవాలని ఉందని, ఆన్‌లైన్‌లో సెకండ్‌హ్యాండ్ కెమెరా ఒకటి చవగ్గా చూసుకోవాలని రాశావు. చాలా సంతోషమేసింది. "మంచి బేరాలు ఏ సైట్‌లో దొరుకుతాయి పెద్దమ్మా?" అని అడిగావు. సైట్ సంగతి తర్వాత చూద్దాం. ముందు కెమెరా సంగతి తెలుసుకో. ఇన్నేళ్ళుగా ఆన్‌లైన్‌లో పాత వస్తువులు వెతుకుతూ నాకు బాగా అర్థమైంది ఇదే: కొనేవాళ్ళకి వస్తువు గురించి అమ్మేవాళ్ళకంటే కాస్త ఎక్కువ తెలిసిన చోటే బేరం కుదురుతుంది. ఆ తెలుసుకోవడంలో ఉన్న ఆనందం, పార్సిల్ విప్పేటప్పటి ఆనందానికి ఏమాత్రం తీసిపోదు.

నీ మనసు పడిన పెంటాక్స్ కే1000నే తీసుకో. అది 1976 నుంచి 1997 దాకా తయారైంది. అన్నేళ్ళు తయారైన మోడల్ కాబట్టి లోకంలో బోలెడన్ని ఉన్నాయి. ఇవాళ ఒకటి చేజారినా మళ్ళీ ఇంకొకటి వస్తుంది, తొందర అక్కర్లేదు. దాని షట్టర్, అంటే ఫిల్మ్ మీదికి క్షణకాలం వెలుతురు వదిలే తెర, పూర్తిగా మెకానికల్. బ్యాటరీ లోపలున్న, వెలుతురు ఎంతుందో కొలిచే లైట్ మీటర్‌కి మాత్రమే. ఆ మీటర్‌కి ఆఫ్ స్విచ్ కూడా లేదు, లెన్సుకి మూత పెడితే ఆఫ్ అయినట్టు లెక్క. అందుకే బీరువాలో ఏళ్ళ తరబడి పడున్న కే1000లో బ్యాటరీ అయిపోయి ఉండటం మామూలే. ఇంట్లో పాత సామాను సర్దుతున్నవాళ్ళెవరో "పనిచేస్తుందో లేదో తెలీదు, బ్యాటరీ లేదు" అని లిస్టింగ్ పెడతారు. చాలామంది అది చదివి పక్కకి పోతారు. నువ్వు మాత్రం "బ్యాటరీ లేకపోయినా షట్టర్ పడుతుందండీ, ఒక్కసారి లీవర్ తిప్పి బటన్ నొక్కి వీడియో పంపగలరా?" అని అడుగు. వీడియోలో షట్టర్ చప్పుడు వినిపించిందా, సగం భయం పోయినట్టే.

అదే ఒలింపస్ ఓఎం-1 అయితే కథ వేరు. దాని మీటర్‌ని 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీ కోసం చేశారు. పాదరసం మీద నిషేధాలు వచ్చాక ఆ బ్యాటరీలు మార్కెట్లోంచి పోయాయి. వేరే ఏర్పాటు చేసుకోవాలి, ఆ ఖర్చు కూడా ధరలో కలిపి చూసుకోవాలి. మంచి కెమెరానే, కొనొద్దనడం లేదు. ఈ సంగతి తెలిసి కొనమంటున్నాను.

లోపాల దగ్గరే బేరగాళ్ళకి అసలు పని. చూడ్డానికి ఘోరంగా ఉండి సులువుగా బాగయ్యే లోపాలు కొన్ని ఉంటాయి. పాత కెమెరాల వెనక తలుపు అంచుల్లో వెలుతురు చొరబడకుండా నురుగు పట్టీలు అతికిస్తారు. కాలం గడిచేకొద్దీ అవి జిగురు జిగురుగా కరిగి, నల్లగా పొడిపొడిగా రాలతాయి. ఫోటోలో అసహ్యంగా కనిపిస్తుంది. కానీ ఆ పట్టీలు చవక, ఓపికుంటే ఇంట్లోనే మార్చుకోవచ్చు. బయటి తోలు ఊడిపోవడం, మీటర్ ముల్లు కదలకపోవడం కూడా నీలాంటి నేర్చుకునే పిల్లకి పెద్ద అడ్డంకులు కావు, మీటర్ పని ఫోన్‌లో యాప్ చేసిపెడుతుంది. ఇంకొన్ని లోపాలు చిన్నగా కనిపించి కొంప ముంచుతాయి. లెన్సు లోపల సాలెగూడు దారాల్లాంటి తెల్లటి గీతలు కనిపిస్తే అది ఫంగస్. ముదిరితే గాజు మీది పూతని తినేస్తుంది, తుడిచినా మచ్చ పోదు. లెన్సులోకి వచ్చే వెలుతురుని తగ్గించీ పెంచే అపర్చర్ రేకుల మీద నూనె మెరుపు కనిపించినా జాగ్రత్త, కొన్ని లెన్సుల్లో ఆ రేకులు అతుక్కుపోయి సరిగ్గా కదలవు. కాబట్టి "లెన్సుని దీపం వైపు పెట్టి, ఇటు నుంచి అటు కనిపించేలా ఒక ఫోటో తీసి పంపండి" అని తప్పకుండా అడుగు. పంపకుండా నసిగేవాళ్ళ దగ్గర కొనకు. "మింట్" (కొత్తదానిలా ఉంది) అన్న మాటని మాత్రం అస్సలు లెక్కలోకి తీసుకోకు, ఎవరికి తోచినట్టు వాళ్ళు వాడతారు.

ఇక వెతకడం. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. మోడల్ పేరు టైప్ చేసి వచ్చినవి చూసేది అందరూ చేసే పనే, అక్కడ పోటీ ఎక్కువ. పేరు తెలియనివాళ్ళు ఆ వస్తువుని ఏమని పిలుస్తారో ఆలోచించు. "పాత కెమెరా", "తోలు కేసులో కెమెరా", "తాతగారి కెమెరా, బ్యాగుతో సహా" అంటారు. పేరు రాసినా స్పెల్లింగు తప్పుతుంది, ఒక అక్షరం తక్కువో ఎక్కువో పడుతుంది. ఆ తప్పులతో కూడా వెతుకు. ఒక్కోసారి లెన్సు కోసం వెతుకుతుంటే అది వేరే పాత కెమెరాకి తగిలించి ఉంటుంది, అమ్మేవాళ్ళు లెన్సు ఊసే ఎత్తరు. సోవియట్ కాలం నాటి హేలియోస్ 44 లెన్సులు చాలావాటిని జెనిత్ కెమెరాలతో కలిపే అమ్మారు కాబట్టి ఇప్పటికీ అలాగే జంటగా దొరుకుతాయి. అందుకే ఫోటోలని పెద్దవి చేసి, మూలమూలలా చూడటం అలవాటు చేసుకో. లెన్సు చుట్టూ ఉన్న రింగు మీద అక్షరాలు చదువు. వెనకాల బల్ల మీద ఇంకేమున్నాయో చూడు.

వెతుకులాటలని సేవ్ చేసిపెట్టుకో, కొత్త లిస్టింగ్ రాగానే నోటిఫికేషన్ వస్తుంది. స్థిర ధరకి పెట్టిన మంచి వస్తువు ఎక్కువసేపు ఉండదు, కాబట్టి ఫలితాలని "కొత్తవి ముందు" అని అమర్చుకో. ఆన్‌లైన్ వేలాల సైట్ ఈబే 1995లో పుట్టినప్పుడు అందులో అమ్ముడైన మొట్టమొదటి వస్తువు పాడైపోయిన లేజర్ పాయింటర్. 14.83 డాలర్లకి పోయింది. ఒకరికి పనికిరానిది ఇంకొకరు వెతుకుతూ ఉంటారు. ఈ సంతలన్నీ ఆ నమ్మకం మీదే నడుస్తున్నాయి, నాకు ఇవంటే ఇంత ప్రేమ ఉండటానికీ అదే కారణం.

ధర ఎంతో తేల్చుకోవడానికి అమ్మేవాళ్ళు అడుగుతున్న ధరలు చూడకు. అడగడానికి ఎంతైనా అడగొచ్చు. ఈబేలో "అమ్ముడైనవి" అనే ఫిల్టర్ ఉంది, అది పెట్టి నిజంగా ఎంతకి పోయాయో చూడు. కొన్ని వారాలపాటు ఏమీ కొనకుండా ఆ ధరలే గమనించు. లెన్సుతో ఎంత, లెన్సు లేకుండా ఎంత, సర్వీసు చేయించినది ఎంత అన్నది నీ కళ్ళకే అలవాటైపోతుంది. షిప్పింగ్ ఖర్చు, వేరే దేశం నుంచి వస్తే కస్టమ్స్ సుంకం, అన్నీ కలిపాకే అది నీ ధర. కొత్త వస్తువులకైతే అమెజాన్ ధరల చరిత్రని గ్రాఫులా చూపించే కీపా, కామెల్‌కామెల్‌కామెల్ లాంటివి ఉన్నాయి. గీత కొట్టేసిన పెద్ద అంకె పక్కన చిన్న అంకె చూపిస్తే మనసు ఆ పెద్ద అంకెనే పట్టుకుని వేలాడుతుంది. మొదట కనిపించిన అంకె మన అంచనాని లాగేస్తుందని ట్వెర్‌స్కీ, కానెమాన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1974లోనే ప్రయోగాలతో చూపించారు. యూరోపియన్ యూనియన్‌లో అయితే 2022 మే 28 నుంచి నిబంధన మారింది, తగ్గింపు ప్రకటిస్తే అంతకుముందు 30 రోజుల్లోని అతి తక్కువ ధరని చూపించాలి. మిగతా చోట్ల ఆ పని నువ్వే చేసుకోవాలి.

వేలాల దగ్గరికి వద్దాం. ఇక్కడ చాలామందికి చేతులు కాలుతాయి, కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. ఈబేలో నువ్వు ఇవ్వగలిగిన గరిష్ఠ ధర చెప్పి ఊరుకోవచ్చు. ఆ అంకె ఎదుటివాళ్ళకి కనబడదు. నీ తరఫున సైటే కొంచెం కొంచెంగా పాడుతుంది. గెలిస్తే నువ్వు కట్టేది రెండో స్థానంలో ఉన్నవాళ్ళ గరిష్ఠ ధర, దాని మీద ఒక మెట్టు, అంటే సైట్ పెట్టిన చిన్న పెంపు. నువ్వు చెప్పిన పూర్తి అంకె కట్టాల్సిన అవసరం సాధారణంగా రాదు. రెండో ధర కట్టించే ఈ పద్ధతి గురించి విలియం వికరీ అనే ఆర్థికవేత్త 1961లో రాశాడు, 1996లో ఆయనకి నోబెల్ బహుమతి ఇచ్చారు. తపాలా బిళ్ళలని ఉత్తరాల ద్వారా వేలం వేసినవాళ్ళు 19వ శతాబ్దంలోనే ఇలాంటిది వాడారు. కాబట్టి నువ్వు చేయాల్సింది ఇదే: ఆ వస్తువు నీకు ఎంత విలువో నిజాయితీగా తేల్చుకుని ఆ అంకె ఒక్కసారి వేసి వదిలెయ్. ఎవరో దాటేశారని రోషంతో ఇంకో మెట్టు ఎక్కకు. ఆ మెట్టు నీది కాదు.

ఎప్పుడు వేయాలి? చివరి క్షణాల్లో. ఈబే వేలానికి ముగింపు సమయం ఖచ్చితం, ఆ తర్వాత పొడిగింపు ఉండదు. ఒకప్పుడు అమెజాన్ కూడా వేలాలు నడిపింది. అక్కడ చివర్లో ఎవరైనా పాడితే గడువు మళ్ళీ పెరిగేది. రెండిటినీ పోల్చి రోత్, ఓకెన్‌ఫెల్స్ అనే ఆర్థికవేత్తలు 2002లో ప్రచురించారు, ఆఖరి నిమిషం పాటలు ఈబేలోనే బాగా ఎక్కువ. ముందే పాడితే పోటీదారుల్ని నిద్ర లేపినట్టవుతుంది, వాళ్ళూ మెట్టు మెట్టు ఎక్కుతారు. ఆఖర్లో వేస్తే వాళ్ళకి ఆలోచించే వ్యవధి ఉండదు. ఓడిపోతే ఓడిపోయావు. నువ్వు అనుకున్న విలువ కంటే ఎక్కువ ఇచ్చేవాళ్ళకి దక్కింది, అంతే.

స్థిర ధర లిస్టింగుల్లో "ఆఫర్ ఇవ్వండి" అని ఉంటే మొహమాటపడకు. కానీ సగం ధరకి అడిగి అవతలివాళ్ళని చిన్నబుచ్చకు. ఎందుకు తగ్గించమంటున్నావో చెప్పు: "నురుగు పట్టీలు మార్చాలి, లెన్సు మూత లేదు, అందుకని ఇంత ఇవ్వగలను" అను. వాళ్ళ దగ్గర ఇంకేదైనా నీకు పనికొచ్చేది ఉంటే రెండూ కలిపి అడుగు, ప్యాకింగూ షిప్పింగూ ఒకటే కాబట్టి వాళ్ళకీ లాభం. మర్యాదగా మాట్లాడేవాళ్ళకి తగ్గించడానికి అమ్మేవాళ్ళూ ఇష్టపడతారు.

మోసాల గురించి నువ్వు భయపడుతూ రాశావు. భయం అక్కర్లేదు గానీ కొన్ని విషయాల్లో మొండిగా ఉండాలి. డబ్బు ఎప్పుడూ సైట్ లోపలే కట్టు. "బయట కడితే ఇంకా తగ్గిస్తాను" అన్నారంటే మాట్లాడటం ఆపెయ్. పేపాల్‌లో "ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ" పద్ధతిలో పంపమంటే అసలొద్దు, దానికి కొనుగోలు రక్షణ వర్తించదు. ఫోటో మరీ అందంగా ఉంటే బొమ్మతోనే బొమ్మని వెతికే టిన్‌ఐలోనో గూగుల్ లెన్స్‌లోనో వెతికి చూడు, వేరే చోటి నుంచి ఎత్తుకొచ్చిన బొమ్మ అయితే బయటపడుతుంది. సెల్లర్ రేటింగ్ శాతం ఒక్కటే చూడకు, ఈమధ్య వచ్చిన చెడ్డ రివ్యూలు తెరిచి చదువు. ఆలస్యం అన్నారా, చెప్పిన వస్తువు వేరు వచ్చిన వస్తువు వేరు అన్నారా? మొదటిదానికి సర్దుకోవచ్చు. రెండోది కనిపిస్తే వద్దు. ఆ ఫిర్యాదుకి సెల్లర్ ఏం జవాబిచ్చారో కూడా చూడు, మనిషి అక్కడ తెలుస్తారు.

కొత్త వస్తువులకైతే నేను ఎక్కువగా నమ్మేది మూడు నక్షత్రాల రివ్యూలని. వస్తువుని నిజంగా వాడి, బాగున్నదీ బాగోలేనిదీ రెండూ చెప్పేవాళ్ళు అక్కడ దొరుకుతారు. రివ్యూలో రాసిన వస్తువు ఇదేనా అని కూడా చూసుకో, పాత వస్తువు పేజీలోనే కొత్త వస్తువు పెట్టి దాని నక్షత్రాలు వాడుకునేవాళ్ళున్నారు. కూపన్లు, పాయింట్లు సరదాకి చూసుకో, వాటి కోసం వస్తువు కొనకు. గడియారం గిర్రున తిరుగుతూ "ఇంకా రెండే ఉన్నాయి" అని కనిపిస్తే పేజీ మూసేసి మర్నాడు చూడు.

పార్సిల్ వచ్చిన రోజు విప్పేటప్పుడు వీడియో తియ్యి. ఆ రోజే అన్ని షట్టర్ వేగాలూ నొక్కి చూడు, తలుపు తీసి లోపల చూడు, లెన్సుని దీపానికి పెట్టు. వెంటనే ఒక ఫిల్మ్ రోల్ వేసి తీసి, కడిగించు. రిటర్న్ గడువు గడిచాక తెలిసిన లోపానికి ఎవరూ పూచీ పడరు, అందుకని గడువు తేదీ ఎక్కడైనా రాసిపెట్టుకో. లోపముంటే కోపంగా కాకుండా ఫోటోతో, రెండు ముక్కల్లో రాయి. అన్నీ బాగుంటే సెల్లర్‌కి మంచి రివ్యూ ఇవ్వు, ప్యాకింగ్ ఎలా ఉందో, చెప్పినట్టే వచ్చిందో రాయి. నువ్వు ఎలా రివ్యూలు చదివి నిర్ణయించుకున్నావో, నీ తర్వాత వచ్చేవాళ్ళూ అలాగే చదువుతారు.

ప్రస్తుతానికి కే1000 ఉన్న లిస్టింగులు నాలుగైదు ఏరి లింకులు నాకు పంపు. ప్రతిదాని పక్కనా నీకు కనబడిన లోపమేమిటో, నీ దృష్టిలో దాని ధరెంతో రాయి. నేనూ విడిగా రాసిపెట్టుకుంటాను, ఆదివారం ఫోన్‌లో ఇద్దరం సరిపోల్చి చూసుకుందాం. అప్పటిదాకా ఏదీ కొనకు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ