యూనిట్ టెస్టింగా, ఫంక్షనల్ టెస్టింగా? ముందు అమ్మాయిని అడిగారా?

ప్రశ్న: మా అమ్మాయి సీఎస్‌ఈలో బీటెక్ పూర్తిచేసి అమీర్‌పేటలో జావా నేర్చుకుంది. రెండు ఆఫర్లు వచ్చాయి. ఒక చిన్న కంపెనీ, స్ట్రట్స్ అనే జావా ఫ్రేమ్‌వర్క్‌తో కట్టిన తమ వెబ్ అప్లికేషన్‌లోని యాక్షన్ క్లాసులకు యూనిట్ టెస్టులు రాయమంటోంది. ఒక పెద్ద కంపెనీలో, బ్రౌజర్‌ను తానే నడిపే సెలీనియం అనే టూల్‌తో ఫంక్షనల్ టెస్టింగ్, జీతం కాస్త ఎక్కువ. టెస్టింగ్‌లో పడితే ఇక డెవలపర్ కాలేదని బంధువులు అంటున్నారు. ఏఐ వచ్చాక ఈ పనులే ఉండవంటున్నారు. రెండూ వదిలేసి ఏఐ కోర్సులో చేర్పించమంటారా?
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ముందుగా ఒక మాట. మీ అమ్మాయి దారి తప్పలేదు. చదువు అయిన వెంటనే చేతిలో రెండు ఆఫర్లున్న పిల్ల గురించి బెంగపడాల్సిన పని లేదు. మీరు అడిగింది రెండు రకాల టెస్టింగ్ గురించే గానీ, మీ అసలు భయం ‘మా పిల్లకి చిన్న పని అంటగడుతున్నారేమో’ అని. ఏటా ఫలితాలు రాగానే ఇదే భయం నా దగ్గరికి వస్తుంది.

అది చిన్న పని కాదు. జావాలో యూనిట్ టెస్టులు రాయడానికి వాడే జేయూనిట్‌ను 1997లో రాసిన కెంట్ బెక్, ఎరిక్ గామా ఇద్దరూ ప్రోగ్రామర్లే. తాము రాసిన కోడ్‌ను తామే పరీక్షించుకోవడానికి తయారుచేసుకున్న పరికరమది. సెలీనియం కూడా అంతే. 2004లో థాట్‌వర్క్స్‌లో జేసన్ హగ్గిన్స్ అనే ప్రోగ్రామర్, సంస్థ లోపల వాడుకునే ఒక వెబ్ అప్లికేషన్‌ను పరీక్షించడానికి మొదలుపెట్టాడు.

ఇక తేడా. యూనిట్ టెస్టు కోడ్‌లో ఒక్కో ముక్కను విడిగా పరీక్షిస్తుంది, ఫంక్షనల్ టెస్టు వాడేవాళ్ల వైపు నుంచి మొత్తాన్ని పరీక్షిస్తుంది. ఎవరైనా ఫారం నింపి బటన్ నొక్కితే సర్వర్ మీద దాన్ని అందుకునేది యాక్షన్. స్ట్రట్స్ 2లో అది మామూలు జావా క్లాసే. యూనిట్ టెస్టులో మీ అమ్మాయి ఆ క్లాస్‌తో ఒక ఆబ్జెక్ట్ సృష్టించి, విలువలు పెట్టి, డేటాబేస్‌తో మాట్లాడే భాగానికి మాకిటో అనే టూల్‌తో ఒక నకిలీని తగిలించి, ఎగ్జిక్యూట్ మెథడ్‌ను పిలిచి, ‘సక్సెస్’ వచ్చిందో ‘ఇన్‌పుట్’ (అంటే ఫారం మళ్లీ నింపమని) వచ్చిందో చూస్తుంది. కన్ను మూసి తెరిచేలోగా అయిపోతుంది. తప్పు ఎక్కడుందో కూడా దాదాపు వేలుపెట్టి చూపిస్తుంది.

కానీ అలా నేరుగా పిలిచినప్పుడు ఇంటర్‌సెప్టర్లు నడవవు. ఫారంలోని విలువల్ని యాక్షన్‌లోకి చేర్చేవి, వాలిడేషన్ నియమాల్ని అమలుచేసేవి అవే. జేఎస్‌పీ పేజీలో ఫీల్డ్ పేరు ‘మొబైల్‌నంబర్’ అనీ, యాక్షన్‌లో ‘మొబైల్’ అనీ ఉందనుకోండి. యూనిట్ టెస్టు పచ్చగా పాసవుతుంది, నిజం పేజీలో మాత్రం నంబరు యాక్షన్‌కు చేరనే చేరదు. బ్రౌజర్ తెరిచి, టైప్ చేసి, బటన్ నొక్కి, తర్వాతి పేజీలో ఏం కనిపించిందో చూసే ఫంక్షనల్ టెస్టుకు అది దొరుకుతుంది. అయితే ఆ టెస్టు నెమ్మది. ఫెయిలైతే కారణం పేజీలో ఉందో సర్వర్‌లో ఉందో డేటాలో ఉందో మళ్లీ వెతుక్కోవాలి. ఈ రెండింటి మధ్య ఇంకో దారి ఉంది: స్ట్రట్స్ వారి జేయూనిట్ ప్లగిన్‌తో, బ్రౌజర్ లేకుండానే ఇంటర్‌సెప్టర్లతో సహా యాక్షన్‌ను నడపొచ్చు. ఇంటర్వ్యూలో ఈ ముక్క చెప్పగలిగితే ఆమె మాటకు విలువ పెరుగుతుంది.

నా అనుమానమంతా ‘మూడు నెలల్లో సెలీనియం’ కోర్సుల మీద. ఎక్స్‌పాత్ (పేజీలో ఒక బటనో ఫీల్డో ఎక్కడుందో చెప్పే చిరునామా) కాపీ చేయడం, ఎవరిదో డెమో సైట్‌లో లాగిన్ అవడం, ఒక రెడీమేడ్ ఫ్రేమ్‌వర్క్‌ను రెజ్యూమెలో రాసుకోవడం, ఇంతే. ఆ సైట్ ఎలా పనిచేస్తే సరైనదో విద్యార్థికి తెలియదు కాబట్టి, ఏం పరీక్షించాలో నిర్ణయించడం రాదు. టెస్టింగ్‌లో కష్టమంతా అక్కడే. ఏఐ విషయమూ ఇదే. అడిగితే అది జేయూనిట్ టెస్టులు గబగబా రాసిస్తుంది, నిజమే. కానీ ముందున్న కోడ్ మాత్రమే చూసి రాస్తే, కోడ్‌లోని తప్పునే ఒప్పుగా తీసుకుని టెస్టు రాసే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ఏది ఒప్పో తెలిసిన మనిషి అక్కర ఎక్కడికీ పోదు. చేతిలో ఉన్న ఉద్యోగం వదిలి, ఫీజు కట్టి, ఇంకో సర్టిఫికెట్ కోసం కూర్చోబెట్టడం నాకు ససేమిరా నచ్చలేదు.

కోపం తెచ్చుకోనంటే ఇంకో మాట. మీ ఉత్తరంలో బంధువుల మాట ఉంది, మీ ఆలోచన ఉంది, అమ్మాయి ఏమంటోందో ఒక్క ముక్క లేదు. ఆ కంపెనీల్లో కూర్చుని పనిచేయాల్సింది ఆమె. పెళ్లిళ్లలో కలిసేవాళ్ల సర్వే మీద పిల్ల ఉద్యోగం తేల్చకండి. అది అన్యాయం.

ఆమె కోడ్ చదవడం ఇష్టమంటే, జీతం కాస్త తక్కువైనా నా మొగ్గు చిన్న కంపెనీ వైపే. రోజూ ఇతరుల జావా చదువుతుంది, అదే డెవలపర్ అయ్యే దారి. పెద్ద కంపెనీలో సోర్స్ కోడ్ చూడనిస్తారా, డెవలపర్లతో కలిసి కూర్చోబెడతారా అని అడగమనండి. అవునంటే అదీ మంచిదే. చిన్న కంపెనీని అడగాల్సింది స్ట్రట్స్ ఎన్నో వెర్షనని. స్ట్రట్స్ 1కి అపాచీ మద్దతు 2013లోనే ఆగిపోయింది. అదే అయితే, ఎప్పుడు మారుస్తారో కూడా అడగాలి. స్ట్రట్స్ 2 తరహాలో ఇంకా మద్దతున్న కొత్త వెర్షన్ అయితే దిగులు వద్దు. రేపు స్ప్రింగ్ అనే మరో జావా ఫ్రేమ్‌వర్క్‌కు మారినా, అక్కడ యాక్షన్ల లాంటి పనిచేసే కంట్రోలర్లకు మాక్‌ఎంవీసీ అనే టూల్‌తో టెస్టులు రాయడానికి ఈ అలవాటే పనికొస్తుంది.

ఇక రెండు ఆఫర్ లెటర్లూ మీరే దగ్గరుండి చదవండి. బాండ్ ఎన్నేళ్లో, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో చూడండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టమంటే మాత్రం, ఎంత పెద్ద కంపెనీ అయినా వద్దని చెప్పేయండి.