హిమోగ్లోబిన్ 9.6... నెలకు రెండు వేలతో తాజా తిండి తినగలనా?

ప్రశ్న: నాకు 21 ఏళ్లు. మాది దేవరకొండ దగ్గర పల్లె. నల్గొండలో పీజీ చదువుతూ ముగ్గురం కలిసి గది తీసుకుని ఉంటున్నాం. గ్యాస్ పొయ్యి, కుక్కర్ ఉన్నాయి, ఫ్రిజ్ లేదు. తిండికి నెలకు రెండు వేలకు మించి పెట్టలేను. పొద్దున టీ, బిస్కెట్లు, మధ్యాహ్నం అన్నం, పచ్చడి, రాత్రి ఎక్కువగా నూడుల్స్. కొన్నాళ్లుగా మెట్లెక్కితే ఆయాసం వస్తోంది, జుట్టు ఊడుతోంది. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.6 అని వచ్చింది. స్నేహితులు ప్రోటీన్ పౌడర్ తాగమంటున్నారు. ఈ డబ్బులో కూరగాయలు, పండ్లు కొనుక్కుని తినడం అయ్యే పనేనా?
– ఒక విద్యార్థిని, నల్గొండ

జవాబు: అయ్యే పనేనమ్మా. అయితే ముందు ఆ 9.6 సంగతి చూడాలి. ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ కనీసం 12 ఉండాలి. 8కి, 11కి మధ్య ఉంటే ఓ మోస్తరు రక్తహీనత అంటాం. మీ ఆయాసానికీ జుట్టు ఊడటానికీ ఇదే కారణం అయ్యుండొచ్చు. ఇంత తగ్గాక తిండి ఒక్కదానితో పైకి తేవాలంటే చాలా నెలలు పడుతుంది. బీట్‌రూట్ రసం తాగితే రక్తం పడుతుందని ఎవరు చెప్పినా దాని మీదే ఆధారపడకండి. ప్రభుత్వాసుపత్రిలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఉచితంగా ఇస్తారు. డాక్టరుకు మీ రిపోర్టు చూపించి, రోజుకు ఎన్ని వేసుకోవాలో కనుక్కోండి. థైరాయిడ్, బి12 పరీక్షలు అవసరమా అన్నదీ అక్కడే అడగండి.

మాత్ర వేసుకుంటే మలం నల్లగా వస్తుంది. భయపడకండి, అది మందు రంగే. కడుపులో తిప్పితే తిన్నాక వేసుకోండి. నా దగ్గరికి వచ్చే అమ్మాయిలు చాలామంది రెండో వారానికే మాత్రలు ఆపేస్తారు. కాస్త ఓపిక రాగానే తగ్గిపోయిందనుకుంటారు. మీరు అలా చేయొద్దు. హిమోగ్లోబిన్ 12 దాటాక కూడా ఇంకో మూడు నెలలు వాడితేనే ఒంట్లో ఐరన్ నిల్వలు నిండుతాయి.

ఇంకో మాట. మీరు నెలసరి గురించి రాయలేదు. ఏడు రోజులు దాటి రక్తస్రావం అవుతున్నా, గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చాల్సి వస్తున్నా సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి. అటు రక్తం పోతుంటే ఇటు ఎంత తిన్నా నిలవదు. కూర్చున్నా ఆయాసం, గుండె దడ, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక తిండి. మీరు పొద్దున తాగే టీ దగ్గరే నాకు పెద్ద అభ్యంతరం. తిండితో పాటు గానీ, మాత్రతో పాటు గానీ టీ తాగితే అందులోని టానిన్లు ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. తినడానికి గంట ముందో, తిన్న గంట తర్వాతో తాగండి. నల్గొండలో ఉన్నారు కాబట్టి ఇంకో కారణమూ ఉంది. తేయాకులో ఫ్లోరైడ్ ఉంటుంది, మన దగ్గర చాలాచోట్ల భూగర్భ జలాల్లోనూ అదే ఉంది. గదిలో బోరు నీళ్లు తాగుతుంటే మానేసి, మిషన్ భగీరథ నల్లా నీళ్లో శుద్ధి చేసిన నీళ్లో పట్టుకోండి. బోరు నీళ్లను మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

మీది దేవరకొండ వైపు అన్నారు. అదే మీకున్న పెద్ద ఆదాయం అని నేనంటాను. ఇంటికి వెళ్లినప్పుడల్లా జొన్నలు, కందిపప్పు, పెసర్లు, పల్లీలు ఒక సంచిలో కట్టుకు రండి. ఆడవాళ్లకు ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు బస్సుల్లో ప్రయాణం ఉచితం, కాబట్టి ఊరికి పోయిరావడానికి ఖర్చేమీ కాదు. ఇంట్లో రేషన్ సన్నబియ్యం వస్తుంటే అవీ కాసిన్ని తెచ్చుకోండి. ఇవి ఊరి నుంచి వస్తే మీ రెండు వేలు కూరగాయలకు, గుడ్లకు, పండ్లకు మిగులుతాయి.

గదిలో రొట్టె కొట్టడం కుదరదంటారా? జొన్న రవ్వ పట్టించి తెచ్చుకుని గట్క వండుకోండి. రాత్రి నానబెట్టిన రవ్వను పొద్దున కుక్కర్లో ఉడికించి, సల్ల (మజ్జిగ) పోసుకుని ఉల్లిగడ్డ నంజుకుంటే బిస్కెట్లు గుర్తుకు రావు. ఐరన్ మాత్రను మాత్రం సల్లతో వేసుకోకండి. దాన్ని నిమ్మరసం కలిపిన నీళ్లతో వేరే పూట వేసుకోండి.

ఆకుకూర తింటే రక్తం పడుతుందని మనందరం చిన్నప్పటి నుంచి విన్నదే. అందులో సగమే నిజం. తోటకూరలో, గంగవాయిలి కూరలో ఐరన్ ఉంటుంది కానీ ఒంటికి పట్టేది తక్కువ. పక్కన విటమిన్ సి ఉంటే ఎక్కువ పడుతుంది. అందుకే పప్పుకూర కలుపుకునేటప్పుడు పైన నిమ్మకాయ పిండుకోండి. పొయ్యి మీద ఉండగా పిండితే వేడికి ఆ విటమిన్ కొంత పోతుంది. అన్నం తిన్నాక ఒక జామకాయ తినండి. విటమిన్ సిలో జామ బత్తాయి కంటే చాలా ఎక్కువ. బత్తాయి తోటలకు పేరున్న జిల్లాలో ఉండి ఈ మాట చెప్పడం నాకూ కాస్త కష్టమే, కానీ మీ ఖర్చుకు జామే మంచిది. కాపు దండిగా వచ్చి ధర తగ్గినప్పుడు బత్తాయిలూ తినండి, రసం తీయకుండా తొనలుగానే.

రైతు బజార్‌కు పొద్దున్నే వెళ్లండి. వేర్లతో సహా అమ్మే తోటకూర కట్ట చేతిలోకి తీసుకుని చూడండి. వేర్లకున్న మట్టి ఇంకా తడిగా ఉండి, కాడ విరిస్తే టక్కున విరిగితే ఆ పొద్దున పీకిందే. ముగ్గురు ఉన్నారు కాబట్టి రోజుకు రెండు మూడు కట్టలు సరిపోతాయి. మిగిలితే తడి గుడ్డలో చుట్టి నీడన పెడితే మర్నాటి దాకా ఆగుతుంది. పుంటికూరను (గోంగూరను) పప్పులో వేసి ఒకేసారి కుక్కర్ పెట్టేస్తే అరగంటలో ముగ్గురికీ కూర తయారవుతుంది.

మాంసం తినేవారైతే వారానికి రెండుసార్లు కోడి కార్జం తెచ్చుకోండి. చికెన్ కంటే చవక, అందులోని ఐరన్ ఆకుకూరల్లోని దానికంటే ఎంతో బాగా పడుతుంది. బాగా ఉడికించి తినండి.

ప్రోటీన్ పౌడర్ అవసరం లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చాలు. మీరు 50 కిలోలు ఉన్నారనుకుంటే దాదాపు 42 గ్రాములు. రెండు గుడ్లలో 12, 50 గ్రాముల పప్పులో 11, గుప్పెడు పల్లీల్లో 7, వంద గ్రాముల జొన్నల్లో 10 గ్రాములు వస్తాయి. అన్నంలో ఉండేది కాక ఇక్కడికే 40 అయింది. ఆ డబ్బా కొనే డబ్బుతో మీ ముగ్గురికీ చాలా రోజులకు గుడ్లు వస్తాయి.

నూడుల్స్ పూర్తిగా మానమని చెప్పను. పరీక్షల టెన్షన్‌లో ఎప్పుడో ఒక రాత్రి వండుకుంటే అందులో గుడ్డు కొట్టి, క్యారెట్, బీన్స్ తరిగి వేసుకోండి. రోజూ రాత్రి మాత్రం వద్దు.

మాత్రలు మొదలుపెట్టిన నెలకు మళ్లీ రక్త పరీక్ష చేయించండి. అప్పటికి కనీసం ఒక పాయింట్ పెరగాలి. పెరగకపోతే ఆలస్యం చేయకుండా డాక్టరును కలిసి కారణం వెతికించుకోండి. ఎంత వచ్చిందో మాకూ రాయండి.