తైలవర్ణాలు: మీరడిగారు, చెబుతున్నాం

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంట్లో స్టిల్ లైఫ్ (బల్ల మీద పేర్చిన వస్తువుల బొమ్మ) వేసేవాళ్లవి, ఈజెల్ (బొమ్మ నిలిపే స్టాండు) భుజాన వేసుకుని చెరువు గట్లకు వెళ్లేవాళ్లవి. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాం.

ప్ర: నిరుడు వేసిన కుండల బొమ్మ మీద సన్నటి పగుళ్లు వచ్చాయి. మొదటి పూతలో లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) ధారాళంగా కలిపాను. పైపూత టర్పెంటైన్‌తో పలచగా వేశాను. రంగు నాసిరకమా? (కాకినాడ)

జ: రంగు మంచిదే అయ్యుంటుంది, వరస తిరగబడింది. నీటిరంగు ఆరడమంటే నీరు ఆవిరి కావడం. ఆయిల్ రంగులో ఆవిరయ్యేది టర్పెంటైన్ ఒక్కటే. అవిసె నూనె ఎక్కడికీ పోదు, గాలిలోని ఆక్సిజన్‌ని పీల్చుకుని ఉన్నచోటే గట్టిపడుతుంది. నూనె ఎక్కువున్న పొర పైకి ఆరినట్టు కనిపించినా నెలల తరబడి లోపల సర్దుకుంటూనే ఉంటుంది. దాని మీద మీరేసిన పలచటి పొర కొద్ది రోజుల్లోనే బిగుసుకుపోయింది. కింద మెత్తగా, పైన పెళుసుగా ఉంటే పగలక ఏమవుతుంది?

ఇకమీదట మొదటి పూతకు టర్పెంటైన్ మాత్రమే కలపండి, అదీ రంగు కారిపోనంత. రెండో పూతకు ఒక పాలు నూనె, మూడు పాళ్లు టర్పెంటైన్. మూడో పూతకు సగం సగం. ఏ పూతలోనైనా ఈ మిశ్రమం మొత్తం రంగులో ఐదో వంతు దాటకూడదు. దాటితే ముడతలు పడుతుంది, పసుపెక్కుతుంది.

అడుగున ఏ రంగు వేశారన్నదీ లెక్కలోకి వస్తుంది. అంబర్ అనే మట్టి గోధుమ రంగుల్లో మాంగనీసు ఉంటుంది కాబట్టి ఒకటి రెండు రోజుల్లో ఆరిపోతాయి. ఐవరీ బ్లాక్ అనే నలుపు, అలిజరిన్ క్రిమ్సన్ అనే ముదురు ఎరుపు వారం పైనే తీసుకుంటాయి. అందుకే అడుగు బొమ్మను నలుపుతో కాకుండా అంబర్‌తో దిద్దుకోవాలి. తెలుపు కొనేటప్పుడు ట్యూబు మీద అంకెలు చూడండి. పీడబ్ల్యూ6 అంటే టైటానియం, పీడబ్ల్యూ4 అంటే జింక్. జింక్ కలిసిన పొర ఏళ్లు గడిచేకొద్దీ పెళుసవుతుంది, అడుగుపూతకు వద్దు.

పాత బొమ్మ మీది పగుళ్లను కొత్త రంగుతో కప్పకండి. మళ్లీ తేలతాయి.

ప్ర: ఆయిల్ బొమ్మ మీద అక్రిలిక్‌తో (నీళ్లతో కలిపే ప్లాస్టిక్ రంగుతో) చిన్న దిద్దుబాట్లు చేయవచ్చా? (ఖమ్మం)

జ: చేయకూడదు, పట్టదు, పెచ్చులూడుతుంది. తిరగేస్తే ఫరవాలేదు. అడుగున అక్రిలిక్ పలచగా వేసి, ఆరాక పైన ఆయిల్ వేసుకోవచ్చు.

ప్ర: ఉత్తరం కిటికీ వెలుగు రోజంతా మారదని చదివి స్టిల్ లైఫ్ బల్ల అక్కడే వేశాను. జూన్‌లో పొద్దున్నే ఎండ నేరుగా బల్ల మీద పడుతోంది. (హైదరాబాద్)

జ: ఆ సలహా యూరప్‌లో పుట్టింది. అక్కడ మధ్యాహ్నం సూర్యుడు ఏడాది పొడవునా దక్షిణం వైపే ఉంటాడు. మనం కర్కటరేఖకు దిగువన ఉన్నాం. హైదరాబాద్‌లో సుమారు మే రెండో వారం నుంచి జులై చివరి దాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిని దాటి కాస్త ఉత్తరానికి వెళతాడు. ఇక ఉదయాస్తమయాలైతే వేసవి అంతా ఈశాన్య, వాయవ్య మూలల్లోనే. ఆ నెలల్లో కిటికీకి బటర్ పేపర్ గానీ ఒకే మడత తెల్లటి పల్చటి గుడ్డ గానీ కట్టండి. రంగు గుడ్డ కడితే ఆ రంగే బొమ్మలోకి దిగుతుంది. కుదిరితే తొమ్మిదిన్నర తర్వాతే కూర్చోండి. మిగతా నెలల్లో ఉత్తరం కిటికీకి సాటి లేదు.

ప్ర: ఇత్తడి చెంబు ఎంత దిద్దినా పసుపు ప్లాస్టిక్‌లా వస్తోంది. పక్కన పెట్టిన తమలపాకులు సాయంత్రానికే వాడిపోతున్నాయి, వంకాయలు మర్నాటికి నిగారింపు పోతున్నాయి. ఏది ముందు వేయాలి? (నంద్యాల)

జ: చెంబును కళ్లు సగం మూసి చూడండి. మీరు పసుపు అనుకున్నది పావు వంతు కూడా ఉండదు. మిగతాదంతా గది చీకటి, కింద పరిచిన గుడ్డ, పక్కనున్న వంకాయ ఊదా. ఇత్తడి తన రంగు తక్కువ చూపిస్తుంది, చుట్టూ ఉన్నవాటిని ఎక్కువ చూపిస్తుంది. ఎల్లో ఓకర్ అనే మట్టి పసుపులో కొంచెం బర్న్‌ట్ అంబర్ కలిపి నడిమి రంగు పరవండి. అంబర్, అల్ట్రామెరిన్ నీలం కలిపిన ముదురుతో అంచుల దగ్గరా మెడ కిందా పట్టీలు వేయండి. వాటి అంచుల్ని పొడి బ్రష్‌తో మెత్తబరచకండి. మట్టికుండ మీద వెలుగు నుంచి నీడకు నెమ్మదిగా దిగుతాం, లోహం మీద ఒక్కసారిగా దూకుతాం. ఆ దూకుడు చెరిపేస్తేనే ప్లాస్టిక్ అవుతుంది. బంగారు రంగు ట్యూబు మాత్రం కొనకండి.

మెరుపు అన్నిటికన్నా చివర. వంకాయ మీది మెరుపులో కిటికీ రంగే ఉంటుంది, అంటే టైటానియం వైట్‌లో అల్ట్రామెరిన్ చిటికెడు. ఇత్తడి మీది మెరుపుకు లోహం తన రంగు అద్దుతుంది కాబట్టి అదే తెలుపులో లెమన్ ఎల్లో చిటికెడు. రంగు చిక్కగా బ్రష్ మొనకు తీసుకుని ఒక్కసారి ఆనించి వదిలేయండి, రెండోసారి రుద్దితే కింది ముదురు కలిసి బూడిదవుతుంది. ఒకే కిటికీ ఉన్న గదిలో ప్రతి వస్తువు మీదా ఒక్కటే పెద్ద మెరుపు, అన్నీ ఒకే వైపు. వంకాయ ఒంటికి నలుపు వాడకుండా అలిజరిన్, అల్ట్రామెరిన్ కలపండి.

వాడిపోయేది ముందు. ఆకులూ పూలూ మొదటి రెండు గంటల్లోనే అయిపోవాలి. తర్వాత వంకాయ, ఆపైన గుడ్డ, చివరికి చెంబు. చెంబు ఎక్కడికీ పోదు. ప్రతి వస్తువు చుట్టూ బల్ల మీద సుద్దముక్కతో గీత గీసుకుంటే ఇంట్లోవాళ్లు జరిపినా మళ్లీ పెట్టుకోవచ్చు. ఫ్రెంచి చిత్రకారుడు సెజాన్ చేయి మరీ నిదానం. పూలు నిలవక కాగితప్పూలు పెట్టుకునేవాడు. మీరూ పెట్టుకోవచ్చు, తప్పేమీ లేదు.

ప్ర: కొల్లేరు గట్టున వేసినప్పుడు బాగున్న బొమ్మ ఇంటికి తెచ్చేసరికి ముదురుగా, మురికిగా ఉంటోంది. పచ్చదనమంతా ఒకే రంగులా వస్తోంది. (ఏలూరు)

జ: ఎండ కాన్వాస్ మీద పడుతుండగా వేశారు. ఎండలో ప్రతి రంగూ వెలిగిపోతుంది, అది చూసి మీరు ముదురు కలుపుకున్నారు. ఇంట్లో ఆ ఎండ లేదు. బోర్డు వీపు సూర్యుడికి పెట్టి ఈజెల్ నిలపండి. కాన్వాస్, పాలెట్ (రంగులు కలిపే పలక) రెండూ ఒకే నీడలో ఉండాలి. గొడుగు తెల్లదో బూడిదదో చాలు. ఎర్ర చొక్కా వేసుకుంటే ఆ ఎరుపు తడి రంగు మీద కనబడుతుంది, వెలిసిన రంగు చొక్కాలే ఈ పనికి మేలు.

పచ్చదనానికి ట్యూబు ఆకుపచ్చ మానేయండి. నారుమడికి లెమన్ ఎల్లో ఎక్కువ, అల్ట్రామెరిన్ కొసరు. కొబ్బరాకుకు అల్ట్రామెరిన్ పెంచి బర్న్‌ట్ సియెన్నా అనే ఎర్ర గోధుమ రంగు కొద్దిగా. మామిడాకు ముదురుకు ఐవరీ బ్లాక్‌లో ఎల్లో ఓకర్ కలిపి చూడండి, ఆశ్చర్యపోతారు. దూరపు చెట్లకు అదే రంగులో తెలుపూ నీలమూ చేర్చాలి. ఆకు పైభాగాన ఆకాశం పడి పాలిపోయి ఉంటుంది, ఎండ ఆకుగుండా వచ్చే చోట పసుపు మండుతుంది. ఈ రెండూ పట్టుకుంటే ఒకే రంగు గొడవ తీరుతుంది.

బోర్డు 8×10 అంగుళాలు మించకండి. రెండు గంటల తర్వాత నీడలు వేరేచోట ఉంటాయి. ఫ్రెంచి చిత్రకారుడు మోనే 1890-91లో గడ్డివాముల వరస వేసినప్పుడు వెలుగు మారగానే ఆ కాన్వాస్ పక్కన పెట్టి ఇంకోటి తీసుకునేవాడు. మొదటి పదిహేను నిమిషాల్లో నీడల ఆకారాలు గీసి బిగించేయండి, ఆ తర్వాత సూర్యుడు ఏం చేసినా నీడల్ని కదపకండి. గాలికి ఈజెల్ పడకుండా కింద నీళ్ల సీసాల సంచి వేలాడదీయండి. 1841లో అమెరికా చిత్రకారుడు జాన్ గాఫ్ రాండ్ తగరపు రంగు ట్యూబుకు పేటెంట్ తీసుకునేదాకా చిత్రకారులు రంగును పంది మూత్రాశయపు సంచుల్లో మోసేవారు. మన బరువు ఏపాటిది!

ప్ర: వానల తర్వాత బొమ్మల మీద తెల్లటి మచ్చలు. తడిగుడ్డతో తుడవనా? (విశాఖపట్నం)

జ: తడి వద్దు, ఫినాయిల్ అసలే వద్దు. చుక్కలు చుక్కలుగా, నూగుగా ఉంటే బూజు. పొర అంతా పాలలా మసకబారితే వార్నిష్‌కు తేమ తగిలినట్టు. బూజైతే పొడి వాతావరణం వచ్చాక ముక్కుకు మాస్క్ కట్టుకుని ఆరుబయట మెత్తటి పొడి బ్రష్‌తో ముందూ వెనకా దులపండి. ఎండ తగలని వరండాలో రెండు మూడు రోజులు గాలికి ఉంచండి. వాన కొట్టే గోడకు మళ్లీ తగిలించకండి. ఫ్రేమ్ వెనక నాలుగు మూలలా బిరడా ముక్కలు అంటిస్తే గోడకూ కాన్వాస్‌కూ మధ్య గాలాడుతుంది. ప్లాస్టిక్‌లో చుట్టిపెడితే తేమను లోపల బంధించినట్టే. వార్నిష్ వేయడానికి ఆరు నెలల నుంచి ఏడాది ఆగి, ముసురు లేని రోజు చూసుకోండి.

ప్ర: ధర ఎలా కట్టాలి? (కరీంనగర్)

జ: చదరపు అంగుళానికి ఒక రేటు పెట్టుకోండి. రేటు 40 రూపాయలైతే 12×16 బొమ్మ 192 అంగుళాలు, 7,680 రూపాయలు. ఫ్రేమ్ ఖర్చు వేరు. చిన్న బొమ్మలకు రేటు కాస్త ఎక్కువ ఉండాలి, లేకపోతే శ్రమకు గిట్టదు. గ్యాలరీలో ఒక ధర, ఇంటి దగ్గర తగ్గించి ఇంకో ధర చెబితే ఆ గ్యాలరీ మళ్లీ పిలవదు.

ప్ర: నూనె గుడ్డలు అంటుకుంటాయంటారు, నిజమేనా? తడి బొమ్మలతో రైల్లో ఎలా రావాలి? (తెనాలి)

జ: నిజమే. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డ ముద్దగా ఉంటే ఆ వేడి బయటికి పోక, అగ్గిపుల్ల లేకుండానే రాజుకుంటుంది. ఆరుబయట తీగ మీద ఒక్కో గుడ్డా విప్పి ఆరేయండి, అట్టలా బిగుసుకున్నాకే పారేయండి. లేదంటే మూతున్న ఇనుప డబ్బాలో నీళ్లు పోసి ముంచండి.

తడి బోర్డుల్ని రంగు వైపులు ఎదురెదురుగా పెట్టి, మూలల్లో బిరడా ముక్కలు ఉంచి క్లిప్పులతో బిగిస్తే రంగు తగలదు. టర్పెంటైన్ రైల్లో తేకూడదు, చేరిన ఊళ్లో హార్డ్‌వేర్ దుకాణంలో కొనుక్కోండి. తిరుగు ప్రయాణానికి బ్రష్‌ల్ని అవిసె నూనెలో ముంచి గుడ్డకు తుడిచి, ఆ గుడ్డను మీతో తేకుండా పైన చెప్పినట్టు అక్కడే ఆరేసి పారేయండి. ఇంటికి రాగానే బట్టల సబ్బుతో, నురగ తెల్లగా వచ్చేదాకా బ్రష్‌లు కడగండి.