క్వాంటం కోర్సా, ఫిజిక్స్ పరిశోధనా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ ఫిజిక్స్ చివరి ఏడాది. అయస్కాంత పదార్థాల్లో స్పిన్‌లు, పరమాణు కంపనాలు ఒకదాన్నొకటి ఎలా ప్రభావితం చేస్తాయో కంప్యూటర్‌లో లెక్కగట్టే పరిశోధన చేస్తానంటోంది. అమరావతికి క్వాంటం వ్యాలీ అనే టెక్ పార్కు వస్తోంది కదా, ఆరు నెలల క్వాంటం కంప్యూటింగ్ కోర్సు చేస్తే త్వరగా స్థిరపడుతుందని నా ఆలోచన. త్వరగా చెప్పగలరు, ఏది మేలు? - ఓ తండ్రి, తెనాలి

జవాబు: నాలుగు వాక్యాల్లో రెండుసార్లు ‘త్వరగా’ అన్నారు. మీ అసలు టెన్షన్ అమ్మాయికి ఇరవై ఎనిమిదేళ్లు వచ్చేదాకా చదువే అయితే పెళ్లెప్పుడు, సంపాదనెప్పుడు అని. నేరుగా అడిగినా నేనేమీ అనుకోను.

ముందు ఆమె చెప్పేది వినండి. స్పిన్ అంటే పరమాణువులోని బుల్లి అయస్కాంతం అనుకోండి. పరమాణువులు కదిలితే వాటి మధ్య దూరం మారుతుంది, దాంతో పక్కపక్క స్పిన్‌ల మధ్య పట్టూ మారుతుంది. స్పిన్ తిరగబడితే ఆ శక్తి కంపనాల్లోకి పోతుంది. 2018లో డిస్ప్రోసియం అనే లోహం ఉన్న ఒక అణువు 80 కెల్విన్ (సుమారు మైనస్ 193 డిగ్రీల సెల్సియస్) దాకా అయస్కాంత జ్ఞాపకం, అంటే తనను అయస్కాంతీకరించిన దిక్కును, నిలుపుకుంది. ద్రవ నైట్రోజన్ మరిగేది 77 దగ్గర, అంటే దానితో చల్లబరిస్తే చాలు. ఇంకా వేడెక్కితే ఆ జ్ఞాపకాన్ని చెరిపేసేది కంపనాలే. స్పిన్‌నే క్యూబిట్‌గా, అంటే క్వాంటం కంప్యూటర్‌లో సమాచారం దాచే మూల యూనిట్‌గా, వాడేవాళ్లకూ ఇదే తలనొప్పి. అంటే మీ అమ్మాయి క్వాంటానికి దూరంగా ఏమీ పోవడం లేదు.

ఇక ఆ కోర్సు. అమరావతికి ప్రకటించిన ఐబీఎం యంత్రం 156 క్యూబిట్లది, సంతోషమే. కానీ ఆరు నెలల్లో నేర్పేది చాలావరకు రెడీమేడ్ సర్క్యూట్లు నడపడం. పంపుసెట్టు స్విచ్ వేయడం వచ్చినంత మాత్రాన మోటారు మెకానిక్ అయిపోరు కదా! పైగా రెండే స్థితులున్న స్పిన్ ఒక క్యూబిట్‌లో ఇమిడిపోతుంది. కంపనానికి అలాంటి హద్దు లేదు, ఒక్కోదానికి చాలా క్యూబిట్లు కావాలి. నేటి యంత్రాల తప్పుల మధ్య అది కష్టం. మామూలు కంప్యూటర్‌కూ సులువు కాదనుకోండి: ఒక్కో స్పిన్ చేరితే లెక్క రెట్టింపవుతుంది, 30 స్పిన్‌లకే 107 కోట్ల సంఖ్యలు దాచుకోవాలి. అందుకే ఉజ్జాయింపు పద్ధతులు కనిపెట్టారు, ఈ రంగంలో పని ఎక్కువగా సూపర్ కంప్యూటర్ల మీదే సాగుతోంది.

కోర్సు గురించి నన్నడిగారు సరే, అమ్మాయికి ఈ లెక్కలకు పునాది అయిన లీనియర్ ఆల్జీబ్రా ఎలా వస్తోందో ఆమెనెప్పుడైనా అడిగారా? పక్కింటి అబ్బాయి ఏం చేరాడో మాత్రం మీకు తప్పకుండా తెలిసి ఉంటుంది.

ప్రవేశ పరీక్షల సంగతి ఆమెకే బాగా తెలుసు, వదిలేస్తున్నాను. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఐఐటీలు, బెంగళూరులోని జేఎన్‌సీఏఎస్‌ఆర్ పరిశోధన సంస్థ చూసుకోమనండి. జేఆర్‌ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, మీ మీద ఆధారపడదు. ప్రొఫెసర్ పోస్టులు తక్కువ, అది దాచను. కానీ కోడింగ్, పెద్ద కంప్యూటర్లు నడపడం వచ్చినవాళ్లు ఖాళీగా కూర్చోవడం నేను పెద్దగా చూడలేదు.

ఈ వేసవిలో క్వాంటం ఎస్ప్రెసో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో సిలికాన్ కంపనాలు లెక్కగట్టమనండి. ఎర్రర్ల మీద ఎర్రర్లు వస్తాయి. నెల తర్వాత కూడా విసుగు పుట్టకపోతే మీరిక అడ్డు చెప్పకండి. కోర్సు ఫీజుకు తీసిపెట్టిన డబ్బులో కొంత పెట్టి ఆమె ల్యాప్‌టాప్‌కు ర్యామ్ పెంచండి.