పెళ్లిలో ఆమె ఎదురొస్తే పక్కకు తప్పుకున్నాను

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. నా వయసు 31. మా ఆఫీసులో పనిచేసే ఆమె, నేను రెండేళ్లుగా ప్రేమించుకుంటున్నాం. ఆమె భర్త నాలుగేళ్ల క్రితం ప్రమాదంలో పోయారు. ఆరేళ్ల పాప ఉంది. పెళ్లి చేసుకుందామని ముందు అడిగింది నేనే. కానీ నలుగురిలో కలిసి కనబడాలంటే భయం. పుష్కర ఘాట్‌కి వెళ్లినా ఎడంగా నడుస్తాం. ఈమధ్య ఒక పెళ్లికి మా అమ్మ, మేనమామ కూడా వచ్చారు. ఆమె నవ్వుతూ ఎదురొస్తే ఫోన్ చూసుకుంటూ పక్కకు వెళ్లిపోయాను. అప్పటినుంచి ముక్తసరిగా మాట్లాడుతోంది. చెల్లి పెళ్లి అయ్యేదాకా ఆగమంటే ‘సరే’ అంటుంది, అంతే. అత్తింటివాళ్లు పాపను తీసుకుపోతారేమోనని కూడా ఆమెకు బెంగ. ఏం చేయను?

జవాబు: భర్త పోయిన స్త్రీ పెళ్లికి వెళ్లాలంటే ఇప్పటికీ పదిసార్లు ఆలోచించుకోవాలి. పూలు పెట్టుకోవాలా వద్దా, ముందు వరసలో కూర్చుంటే ఎవరేమంటారు? బొట్టు పెట్టేవాళ్లు తన దగ్గరకొచ్చి ఆగిపోతే ఎటు చూడాలి? ఇవన్నీ దాటుకుని వచ్చిన మనిషి మిమ్మల్ని చూసి నవ్వింది. మీరు తప్పుకున్నారు. ఊరి చూపులు ఆమెకు అలవాటే. మీరూ అలా చూడగలరని మాత్రం ఆ రోజే తెలిసింది. ఆ ‘సరే’ వెనుక ఒప్పుకోలు ఉందని నాకు అనిపించడం లేదు. మిమ్మల్ని అడగడం మానేసినట్టుంది.

ముందు ఆమెకు క్షమాపణ చెప్పండి. ‘పరిస్థితి అలాంటిది’ అనే మాట అందులో రానివ్వకండి. వెంటనే మనసు కుదుటపడకపోవచ్చు, తొందరపెట్టకండి.

తర్వాత మీరు భయపడుతున్న ఆ నలుగురి పేర్లూ కాగితం మీద రాయండి. నా దగ్గరకు వచ్చేవాళ్లతో తరచూ ఈ పని చేయిస్తుంటాను. చాలామంది ఒకటి రెండు పేర్ల దగ్గరే ఆగిపోతారు. మీరు అమ్మ పేరు దగ్గర ఆగుతారని నా అంచనా. ఊరందరికీ సంజాయిషీ ఇవ్వలేరు గానీ అమ్మతో మాట్లాడగలరు కదా.

మేనమామ లేనప్పుడు, ఆవిడ ఒక్కరే ఉన్నప్పుడు చెప్పండి. ‘ఏమంటావమ్మా’ అని మొదలుపెడితే నిర్ణయం ఆవిడ మీదకు నెట్టినట్టే. ‘ఈమెను పెళ్లి చేసుకోవాలనుకుంటున్నాను, నీకే ముందు చెబుతున్నాను’ అనండి. ఏడుస్తారు, పరువు అంటారు, ఒకపూట అన్నం మానేస్తారేమో. ఆ రాత్రి వాదించకండి. మర్నాడు కూడా అదే మాట, అంతే నెమ్మదిగా చెప్పండి.

చెల్లెలి విషయంలో మీ జంకు ఉత్తిది కాదు. సంబంధానికి వచ్చేవాళ్లు ఇంట్లో అందరి గురించీ ఆరా తీస్తారు. అందుకని మీ పెళ్లి కొన్నాళ్లు ఆగినా ఫర్వాలేదు, ఇంట్లో చెప్పడం మాత్రం ఆగకూడదు. ఎన్నాళ్లు ఆగాలో ఆమెకు ఒక గడువు చెప్పండి. చెల్లెలికీ చెప్పండి. తన పేరు మీద ఇదంతా ఆగుతోందని ఆ పిల్లకు తెలియాలి కదా.

మీ ఊరి సంగతే ఒకటి గుర్తుచేస్తాను. వితంతు వివాహాలకు చట్టం 1856లోనే వచ్చినా, కందుకూరి వీరేశలింగం గారు 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి పెళ్లి జరిపించేసరికి ఊరు భగ్గుమంది. వెలివేశారు. వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు మానేస్తే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారే వండి, గోదావరి నుంచి నీళ్లు మోసుకొచ్చారు. ఆ దంపతులు ఒకరికొకరు ఆసరాగా ఉండి తట్టుకున్నారు. మీకు ఎదురయ్యేవి గుసగుసలు, కొన్నాళ్లు ఒకరిద్దరి రాకపోకలు ఆగిపోవడం. అవీ బాధే, కాదనను. కానీ ఇన్నాళ్లూ ఆ బాధ ఆమె ఒక్కతే మోసింది.

పాప గురించి: తండ్రి లేని బిడ్డకు సహజ సంరక్షకురాలు తల్లేనని 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం చెబుతోంది. మళ్లీ పెళ్లి చేసుకున్నంత మాత్రాన ఆ హక్కు పోదు. తండ్రి ఆస్తిలో పాప వాటా కూడా ఎక్కడికీ పోదు. అయినా అత్తింటివాళ్లు గొడవకు దిగవచ్చు కాబట్టి ఇద్దరూ వెళ్లి ఒక లాయరుతో ముందే మాట్లాడండి. పాపకు తాతయ్య, నాయనమ్మల దగ్గరకు రాకపోకలు మాత్రం ఆపకండి.

అమ్మతో మాట్లాడాక ఏం జరిగిందో మళ్లీ రాయండి.