రోండో పేట చరిత్ర చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో, మినియాపోలిస్‌లో ఎంఆర్క్ (ఆర్కిటెక్చర్‌లో మాస్టర్స్) చదువుతోంది. ఈ సెమిస్టర్‌లో బిల్డింగులు డిజైన్ చేయడం మానేసి, పక్కనే సెయింట్ పాల్‌లో రోండో అనే నల్లజాతివారి పేట చరిత్ర సేకరిస్తున్నారట. లోను తీసుకుని పంపాం. దీంతో ఉద్యోగం వస్తుందా అని టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: లోను కట్టేది మీరు, భయం సహజమే. కానీ మీ అమ్మాయి చేస్తున్నది అచ్చంగా ఆర్కిటెక్చర్ పనేనండీ.

సెయింట్ పాల్‌లోని నల్లజాతివారికి రోండో గుండెకాయలాంటిది. 1956-68 మధ్య ఐ-94 హైవేని దాని నడిమధ్యలోంచి వేశారు. వందల కుటుంబాలు ఇళ్లు పోగొట్టుకున్నాయి. నగర ప్లానింగ్ ఇంజనీరు జార్జ్ హెరాల్డ్ రైలు పట్టాల వెంట వేరే దారి చూపించినా పక్కన పెట్టేశారు. అంటే ఆ ఇళ్ల సంగతి కాగితం మీదే తేలిపోయింది. రేపు అలాంటి కాగితాలు మీ అమ్మాయి బల్ల మీదికీ వస్తాయి. మన ఊళ్లలో వాడ ఎటువైపు ఉంటుందో, తారు రోడ్డు ఎక్కడిదాకా వచ్చి ఆగిపోతుందో చూసిన మీకు నేను ఎక్కువ చెప్పక్కర్లేదు.

ఈ పని ఎలా ఉంటుందంటే, శాన్‌బార్న్ మ్యాపులని అక్కడ పాత అగ్నిబీమా మ్యాపులున్నాయి. వాటిలో ప్రతి ఇంటికీ రంగు ఉంటుంది. పసుపయితే చెక్క ఇల్లు, గులాబీ అయితే ఇటుక ఇల్లు. ఎన్ని అంతస్తులో అంకె వేసి ఉంటుంది. అలాంటి షీటు మీద ఇప్పటి హైవేని గీసి చూస్తే ఎవరి గుమ్మం ఏ లేన్ కింద పోయిందో కనిపిస్తుంది. ఆ తర్వాత అక్కడ పెరిగిన పెద్దవాళ్లను కలిసి, ఓపిగ్గా వినాలి. ఎదుటివాళ్లు చెప్పేది వినగలిగే ఆర్కిటెక్టుకి క్లయింటు దగ్గర ఎంత విలువో చాలా ఏళ్లుగా చూస్తున్నాను.

ఉద్యోగాల మాటకొస్తే, ఫెడరల్ (అక్కడి కేంద్ర ప్రభుత్వ) డబ్బుతో కట్టే ఏ ప్రాజెక్టయినా చారిత్రక స్థలాలకు ఏం నష్టమో ముందే పరిశీలించాలని 1966 చట్టం చెబుతోంది. ఆ పనికి మనుషులు కావాలి. అర్బన్ ప్లానింగ్, పాత కట్టడాల పరిరక్షణ కూడా ఉన్నాయి. రోండోలోనే హైవే మీద కప్పు వేసి రెండు వైపులా కలపాలన్న ప్రతిపాదన నడుస్తోంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పండి. రిపోర్టు రాసి ఊరుకుంటే ఇంటర్వ్యూలో నిలవదు. పాత మ్యాపు, నేటి మ్యాపు, హైవేని అడ్డంగా కోసి చూపే సెక్షన్ డ్రాయింగు, అక్కడ తను ఏం కడుతుందో ఆ డిజైను, ఈ నాలుగూ పోర్ట్‌ఫోలియోలో పక్కపక్కన ఉండాలి.

మీరు నిజంగా టెన్షన్ పడాల్సింది ఐ-20లోని (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) సీఐపీ కోడ్, అంటే కోర్సు ఏ రంగానిదో చెప్పే నంబరు గురించి. అది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) జాబితాలో ఉంటే, చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే 12 నెలల ఓపీటీకి మరో 24 నెలలు కలుస్తాయి. ఆ సంగతి ఈ వారమే కనుక్కోమనండి. అడిగేటప్పుడు, ఆ మ్యాపు కూడా వీడియో కాల్‌లో ఒకసారి చూపించమనండి.