కొల్లూరుకు దారి తెనాలి మీదుగా లేదు

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవి అమ్మాయికి,

కొల్లూరు వజ్రాల గనుల మీద నువ్వు రాసిన వ్యాసం మొత్తం చదివాను. చివర అతికించిన ఫోను మ్యాపు చూశాక కాగితాలు బల్ల మీద పడేశాను. వజ్రాల గనుల కొల్లూరని నువ్వు ఎర్రచుక్క పెట్టింది తెనాలి అవతల, భట్టిప్రోలు దగ్గరున్న కొల్లూరు మీద. అది డెల్టా ఒండ్రు నేల, అక్కడ వజ్రాల గులకపొర ఎక్కడిది? గనుల కొల్లూరు పల్నాడులో, బెల్లంకొండ మండలంలో, కృష్ణ కుడిగట్టున ఉండేది. ఇప్పుడు పులిచింతల ఆనకట్ట నీళ్ళ కింద ఉంది. రెండూ కృష్ణ ఒడ్డు వైపు ఊళ్ళే, 2022 దాకా రెండూ గుంటూరు జిల్లాయే. ఊరి పేరు రాసిన ప్రతిచోటా మండలం, పాత తాలూకా, ఏ గట్టో కూడా రాయి. విజయవాడలో కూర్చుని ఫోనులో వెతికితే పెద్ద ఊరే ముందు వస్తుంది.

మ్యాపు దిద్దుకోవచ్చు. 'కోహినూరును కొల్లగొట్టారు కనక కొల్లూరు' అన్నావే, దాన్ని మాత్రం కొట్టేయాలి. ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియర్ రాసి, 1676లో అచ్చయిన యాత్రల పుస్తకంలోనే ఆ పేరుంది. కోహినూరు ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది 1849లో. పోయినదాన్ని బట్టి ముందే పేరు పెడతారా? పైగా ఆ రాయి అక్కడ దొరికిందన్నది ప్రతీతే తప్ప రుజువైన సంగతి కాదు. నీ అర్థమే నిజమైతే తెనాలి వైపు కొల్లూరులో ఎవరు ఏం కొల్లగొట్టారు? ఒక పేరుకు అర్థం తోచినప్పుడు అదే పేరున్న మిగతా ఊళ్ళకు తగిలించి చూడు. అక్కడ నిలబడకపోతే వదిలెయ్.

పేరు చెవికి వినపడినట్టు కథ కట్టడం మన పత్రికల ఆదివారం అనుబంధాలు నేర్పిన జబ్బు. సర్వే నంబర్లు కోసేసి, శీర్షికలో కోహినూరు పెట్టేవాళ్ళకు ఇంతకంటే ఏం కావాలి.

'గని' మాట సంగతే చూడు. ఈ గనిని దేశభాషలో 'గని' అనీ, ఫార్సీలో 'కూలూరు' అనీ అంటారని టావెర్నియర్ రాశాడు. మనకు గని, ఫార్సీవాళ్ళకు కాన్. రెండింటికీ అర్థం ఒకటే. సాధారణ నామం ఆయన పుస్తకంలో ఊరి పేరై కూర్చుంది. 1889లో దాన్ని ఇంగ్లీషు చేసిన వాలెంటైన్ బాల్ ఆ ముడి విప్పి, ఇది మన కొల్లూరేనని తేల్చాడు. కంచికచర్ల పక్కన గని ఆత్కూరుంది, గన్నవరం అవతల ఉంగుటూరు మండలంలో ఉత్త ఆత్కూరుంది. మొదటి పేరులోని ఆ రెండక్షరాలూ చాలు, అక్కడ తవ్వారని చెప్పడానికి.

కంచికచర్ల దగ్గరే ఉన్న పాత వజ్రాల ఊళ్ళు పరిటాల, గని ఆత్కూరుల మీద రెండో భాగం రాస్తానన్నావు. ఒక సంగతి తెలియకపోతే నెలలు వృథా అవుతాయి. 1766 ఒప్పందంలో ఉత్తర సర్కార్లను, అంటే మన కోస్తా జిల్లాలను, ఈస్టిండియా కంపెనీకి వదిలినా, వజ్రాల గనులనూ వాటి ఊళ్ళనూ నిజాం తనకే ఉంచుకున్నాడు. అందుకే చుట్టూ మద్రాసు రాజ్యం ఉన్నా, పరిటాల 1948 దాకా హైదరాబాదు కిందే ఉంది. దాని పాత భూమి లెక్కలు మద్రాసు రీసెటిల్‌మెంటు (శిస్తు నిర్ణయం) రిజిస్టర్లలో దొరకవు. హైదరాబాదులో ఉర్దూ, ఫార్సీ కాగితాలు చదివేవాళ్ళను వెంటబెట్టుకుని వెతకాలి. కొల్లూరు సంగతి వేరు, అది మద్రాసు లెక్కే.

పరిటాలలో బస్సు దిగినవాళ్ళంతా 135 అడుగుల ఆంజనేయుణ్ణి చూసి తిరిగొచ్చేస్తారు. నువ్వు చేలల్లోకి వెళ్ళు. అక్కడ నల్లరేగడి కింద గులకపొర ఉంటుంది. కొల్లూరులో పని ఎలా సాగేదో టావెర్నియర్ వివరంగా రాశాడు: మగవాళ్ళు 10 నుంచి 14 అడుగులు తవ్వేవారు, నీళ్ళు తగిలితే ఆపేవారు. ఆ మట్టిని ఆడవాళ్ళూ పిల్లలూ మోసి, రెండడుగుల గోడ కట్టిన మడిలో పోసేవారు. నీళ్ళు పెట్టి బురద పోనిచ్చి, ఎండబెట్టి, చేటలతో చెరిగేవారు. కనక నువ్వు వెతకాల్సింది పెద్ద గొయ్యి కాదు. గోతులు వానలకు పూడిపోతాయి, మిగిలేది చెరిగి పారబోసిన గులకరాళ్ళ దిబ్బ. మట్టి లేని నున్నని రాళ్ళు రేగడి చేలో ఒక్కచోట కుప్పగా ఉంటే ఆగి చూడు. చెరువు మట్టికి తవ్విన గుంట పక్కన అలాంటి కుప్ప ఉండదు.

'ఇక్కడ వజ్రాలుండేవా?' అని మాత్రం ఎవర్నీ అడగకు. అడిగితే వజ్రాల కథే చెబుతారు. 'ఈ చేను పేరేమిటి, దీని పక్క చేను?' అని అడుగు. ముగ్గుర్ని విడివిడిగా అడిగి, వాళ్ళు పలికినట్టే రాసుకో. గొర్రెల కాపరులకు దిబ్బలన్నీ తెలుసు. పొలం పేర్లు సర్కారు రిజిస్టర్లలో తక్కువ. పాత క్రయ దస్తావేజుల చెక్కుబందీలో, అంటే నాలుగు హద్దులు రాసే చోట, ఉంటాయి, రైతు ట్రంకుపెట్టెలో.

పులిచింతల ముంపువాళ్ళ పునరావాస కాలనీలో ఆ ముసలాయన మునిగిన పొలం హద్దులు వేళ్ళ మీద లెక్కపెట్టాడని రాశావు చూడు, ఆ ఐదు వాక్యాలే ఈ వ్యాసం. దాన్ని తీసుకెళ్ళి పదకొండో పేజీలో పెట్టావు! ఆయన చెప్పిన పేర్లు ఒక్కటీ రాయలేదు. మళ్ళీ వెళ్ళు. భూసేకరణ అవార్డు (పరిహారం తేల్చిన ఉత్తర్వు) నకలు సంపాదిస్తే సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు ఉంటాయి. గ్రామ పటం మీద ఆ నంబరు పట్టుకుని, ఆయన చెప్పిన పేరు పక్కన రాయి. పులిచింతల నిండు నీటిమట్టం 53.34 మీటర్లు, అంటే 175 అడుగులు. మెట్రిక్ కొలతలు రాకముందు అచ్చయిన పాత టోపోషీట్లలో (సర్వేవాళ్ళ ఎత్తుగీతల పటాల్లో) ఎత్తులు అడుగుల్లో ఉంటాయి. 150, 200 గీతల నడుమ పెన్సిలుతో గీస్తే ఏది మునిగిందో సుమారుగా తెలుస్తుంది.

ఆ పేర్ల పట్టీ ముందు నాకు పంపు. మాఘమాసంలో వెళ్ళు, ఎండలు ముదిరితే ఆయన్ను ఆరుబయట కూర్చోబెట్టి మాట్లాడించలేవు.

ఆశీస్సులతో